సొంత డబ్బా

4, మంగళవారం

ఇవాళ మా ఆయన తన డబ్బాను తానే తిట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి కాబట్టి రాసి పెడుతున్నాను.

అసలు డబ్బా అన్న మాటంటేనే ఆయనకు ఒళ్ళుమంట. "కేస్ అనవే. డబ్బా ఏంటి డబ్బా, బిస్కెట్లు దాచుకోడానికా?" అనేవాడు. షెడ్డుకు ఎవరొచ్చినా, కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చిన మనిషైనా సరే, కుర్చీ వేసి కూర్చోబెట్టి పాఠం మొదలెట్టేవాడు. నాకు కంఠతా వచ్చు. "ఇదిగోనండీ, దీన్ని బీకన్ అంటారు. సముద్రంలో తప్పిపోయినవాడు యాంటెన్నా విప్పి మీట నొక్కితే చాలు, ఉపగ్రహం అందుకుని రక్షణ కేంద్రానికి ఫలానా చోట మనిషున్నాడని చెప్పేస్తుంది. కానీ లోతుకెళితే నీళ్ళ ఒత్తిడికి ఇది చచ్చూరుకుంటుంది. మరి డైవరు దీన్ని ఎలా పట్టుకెళ్ళాలి? అదిగో, అక్కడే మా కేస్!" అంటూ మూత తిప్పి, మూసి, వాళ్ళ చెవి దగ్గర ఊపి చూపించేవాడు. సొంత డబ్బా కొట్టుకోవడం అన్న మాట మా ఆయన్ని చూసే పుట్టిందని ఏడిపించేదాన్ని.

అలాంటి మనిషి ఇవాళ మా డైవింగ్ మాస్టారి కూతురి ముందు చేతులు జోడించి, "మా కేసే లీకయిందమ్మా. నీళ్ళు పోయి బీకన్ పాడైపోయింది, సిగ్నలే వెళ్ళలేదు. మీ నాన్నగారిని నా డబ్బాయే చంపేసింది" అన్నాడు. డబ్బా అన్నాడు, తన నోటితో. ఆ అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. వెంట వచ్చిన మేనమామ ఈయన భుజం తట్టి, "తప్పు ఒప్పుకోవాలంటే ఎంత గుండె ఉండాలండీ" అన్నాడు.

నేను దుప్పటి కప్పుకుని అక్కడే కూర్చున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

5, బుధవారం

చేతుల మీద చర్మం పొరలుగా ఊడుతోంది. ఉప్పునీళ్ళ పుణ్యం. అన్నం సయించడం లేదంటే ఆయనే కలిపి పెట్టాడు. మంచివాడు.

7, శుక్రవారం

రాస్తే బరువు తగ్గుతుందంది డాక్టరమ్మ. ఎవరి బరువో చెప్పలేదు. సరే.

కొత్త రకం డబ్బాను లోతుకు తీసుకెళ్ళి చూడాలని వెళ్ళాం, నేనూ మాస్టారూ. షెడ్డులో చేసేది మా ఆయన, నీళ్ళలో పరీక్షించేది నేను, ఎప్పుడూ అంతే. మాస్టారు నాకు నీటి అడుగున ఊపిరి పీల్చడం నేర్పిన మనిషి. రిటైరై మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ హాయిగా ఉన్న పెద్దాయన్ని, "తోడు రండి మాస్టారూ, మీరుంటే ధైర్యం" అని నేనే లాక్కెళ్ళాను.

దిగేటప్పుడు సముద్రం పళ్ళెంలా ఉంది. కిందికెళ్ళాక ప్రవాహం పట్టుకుంది. పైకి తేలేసరికి మా పడవ చీమంత కనిపిస్తోంది, దాన్ని నడిపే సరంగు మమ్మల్ని ఇంకో వైపు వెతుక్కుంటున్నాడు. ఈలలు ఊదాం, అరిచాం. వినబడితేగా. అప్పటికి మిట్టమధ్యాహ్నం. మాస్టారు కంగారేమీ పడలేదు. "దేనికి మోసుకొచ్చామమ్మా, తియ్యి మీ ఆయన డబ్బా" అన్నారు. మూత ఒక్క తిప్పుకే వచ్చింది. బీకన్ తీసి యాంటెన్నా విప్పి మీట నొక్కాను. దీపం మిణుకుమిణుకుమంది. పెద్దాయన కదా అని ఆయన భుజం పట్టీకే కట్టాను. ఇద్దరం ఆకాశం వంక చూస్తూ తేలుతూ ఉన్నాం.

ఎవరూ రాలేదు. సాయంత్రమైంది, చీకటి పడింది, చలి ఎముకల్లోకి దిగింది, ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దున చేపల పడవవాళ్ళు నన్ను పైకి లాగారు. నన్నొక్కదాన్నే.

బరువు తగ్గలేదు డాక్టరమ్మా.

8, శనివారం

విచారణ అధికారి ఇంటికొచ్చాడు. బక్కపలచని మనిషి, టీలో చక్కెర ఎక్కువైందని మొహమాటం లేకుండా చెప్పేశాడు. అందుకు నచ్చాడు.

"రక్షణ కేంద్రాన్ని అడిగామండీ. ఆ రోజు మీ నుంచి నిజమైన ప్రమాద సంకేతం ఏదీ నమోదు కాలేదన్నారు" అన్నాడు.

"నేననేదీ అదే సార్. లోపలికి నీళ్ళు పోయాయి" అన్నాడు మా ఆయన, ఆ మాట కోసమే కాచుకున్నట్టు.

"దీపం వెలిగింది కదా" అన్నాను.

"దీపానికేమే, అది చివరిదాకా వెలుగుతుంది. సిగ్నల్ పంపే భాగం ముందు పోతుంది. ఈవిడకి ఇంకా షాక్ తగ్గలేదు సార్."

అధికారి నా వైపు తిరిగాడు. "కేసూ, బీకనూ రెండూ సముద్రం పాలయ్యాయి కాబట్టి మీ మాటే సాక్ష్యమమ్మా. పందొమ్మిదో తారీకున రేవు కార్యాలయానికి రండి. మూత తీసినప్పుడు లోపల తడి ఉందా, లేదా? అదొక్కటి చెబితే చాలు. తడి ఉందంటే కేస్ లోపం అని రాసి మూసేస్తాం. లేదంటే మళ్ళీ మొదటినుంచీ తవ్వాలి."

ఒక్క మాట. ఉంది, లేదు. దానికింత టీ ఎందుకు తాగాడో.

10, సోమవారం

తడి ఉందేమో. చేతులు తడి, మొహం తడి, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏది లోపలి తడో, ఏది బయటి తడో ఎవరు చూడొచ్చారు? ఆయన అంత గట్టిగా అంటున్నాడంటే ఉండే ఉంటుంది. లేకపోతే ప్రాణం పెట్టి చేసిన వస్తువు మీద లేనిపోని నింద వేయడానికి ఆయనకేం పిచ్చా?

మంచివాడు. ఊరుకోమని చెప్పినా వినకుండా మాస్టారి ఇంటికి మళ్ళీ వెళ్ళొచ్చాడు.

11, మంగళవారం

తడి ఉంది. ఉండే ఉంటుంది.

13, గురువారం

ఇవాళ షెడ్డులో మిగిలిన డబ్బాలన్నీ పగలగొడతానని కూర్చున్నాడు. తన వల్ల ఇంకో ప్రాణం పోకూడదట. ఎవరు పిలిచారో ఏమో, ఒక విలేకరి కెమెరా పట్టుకుని దిగాడు. పనివాళ్ళు గోడకానుకుని మొహాలు వేలాడేసుకుని చూస్తున్నారు. మా ఆయన సుత్తి ఎత్తి ఒక్కటిచ్చాడు. డబ్బా టంగుమని ఎగిరి విలేకరి కాలి మీద పడింది. అతను కుయ్యోమన్నాడు. మళ్ళీ కొట్టాడు. గీత పడింది, అంతే. లేతు మిషను మీద పనిచేసే పెద్దాయన ఉండబట్టలేక, "పగలదు సార్, మనం చేసిందేగా" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. సముద్రం నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. ఆయన తలెత్తి నా వంక చూశాడు.

మొహం తిప్పుకుని నా బల్ల దగ్గరికి వెళ్ళాను. టిష్యూ కాగితాల కట్ట అక్కడే ఉంది. పరీక్షకు పట్టుకెళ్ళే ప్రతి డబ్బాలోనూ ఒక టిష్యూ మడిచి పెడతాను, ఒక్క చుక్క పడినా మచ్చ కనబడాలని. ఆ రోజూ పెట్టాను. ఆ కట్టను చూస్తూ నిలబడితే గుర్తొచ్చింది. మూత తియ్యగానే ఆ కాగితం గాలికి ఎగిరిపోయింది. మాస్టారు దాన్నే చూస్తూ, "సముద్రంలో చెత్త వేస్తున్నావేం తల్లీ" అన్నారు. నేను సారీ మాస్టారూ అన్నాను కూడా. తడిసిన టిష్యూ ఎగరదు. వేలికి అంటుకుని ముద్దయి చస్తుంది.

లోపల పొడిగా ఉంది. డబ్బా పొడిగా ఉంది, బీకన్ పొడిగా ఉంది, దీపం వెలిగింది. మరి ఎందుకు రాలేదు?

సిగ్నల్ అందగానే కేంద్రంవాళ్ళు పరిగెత్తుకుని రారు. ముందు బీకన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకు ఫోన్ చేస్తారు, నిజమా, పొరపాటున నొక్కారా అని. మా నంబరు వాళ్ళకు నోటికొచ్చేసే ఉంటుంది. ఊరికే నొక్కకూడదని తెలిసినా మా ఆయన ఊరుకోడు కదా, వచ్చినవాళ్ళ ముందు మీట నొక్కి దీపం చూపించేవాడు. వెంటనే ఫోన్ మోగేది. ఆయన నాలిక కరుచుకుని, "సారీ సార్, టెస్టింగండీ" అనేవాడు. నేను పక్కన నిలబడి కిసుక్కున నవ్వేదాన్ని. "ఒక్కసారి రానివ్వండి, టీ ఇచ్చి పంపుదాం" అనేదాన్ని.

సాయంత్రం అడిగాను. "ఆ రోజు కేంద్రం నుంచి ఫోనేమైనా వచ్చిందా?"

"రాలేదు. సిగ్నల్ వెళితేగా రావడానికి" అన్నాడు, మంచం కింద చెప్పులు వెతుక్కుంటూ.

చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

14, శుక్రవారం

అత్తయ్య నా తల దువ్వింది. ఆవిడకు చెవులు సరిగ్గా వినబడవు కాబట్టి ఏం చెప్పినా వీధి వీధంతా వినాల్సిందే. ఇవాళ కొడుకు తిండి గురించి బెంగ పెట్టుకుంది.

"సగానికి సగమైపోయాడే అమ్మాయ్. అంతకుముందు ఎలా తినేవాడు! ఆ రోజు చూడు, అన్నం మధ్యలో ఫోనొస్తే లేచి వెళ్ళాడా, లైను బాలేదో ఏమో అరిచి మరీ మాట్లాడాడు, నాకే వినబడిందంటే చూసుకో. 'మా ఆవిడేనండీ, కొత్తది టెస్ట్ చేస్తోంది, ఆపమని చెబుతాలెండి, సారీ సారీ' అని ఒకటే నవ్వు. మళ్ళీ వచ్చి ఇంకోసారి వడ్డించుకుని తిన్నాడు. అదే ఆఖరు, మళ్ళీ కడుపునిండా తినగా చూస్తే ఒట్టు."

"ఏ రోజత్తయ్యా?"

"ఏ రోజేంటే? నువ్వు తప్పిపోయిన రోజే."

దువ్వెన చిక్కులో ఆగింది. "నొప్పెట్టిందా?" అంది. పెట్టిందన్నాను.

16, ఆదివారం

నిన్నంతా ఏమీ రాయలేదు. రాస్తే నిజమైపోతుందని.

నిజమైన ప్రమాద సంకేతం ఏదీ నమోదు కాలేదట. ఎంత ముచ్చటైన మాట! నిజమైనది కాలేదు, మరి ఉత్తుత్తిది అయింది. నా కేక ఉత్తుత్తి కేకల పద్దులో పడింది. మేం ఆకాశం వంక చూస్తున్నప్పుడు ఆయన మళ్ళీ వడ్డించుకుంటున్నాడు.

రోజంతా తిట్టాను. లోపల్లోపలే, నోరు తెరవకుండా. తిట్టి తిట్టి అలసిపోయాక నన్ను నేను అడిగాను. ఆ ఫోన్ నేనెత్తితే ఏమనేదాన్ని? ఆయన సముద్రంలో ఉండి, నేను ఇంట్లో కంచం ముందుండి, అవతలివాడు "మీ బీకన్ మోగుతోందండీ" అంటే? "అయ్యో, మా ఆయనే, టెస్టింగ్, సారీ" అనేదాన్ని. నవ్వేదాన్ని కూడా. ఇంకోలా అని ఉంటానని ప్రమాణం చెయ్యమంటే నా వల్ల కాదు.

పాపం, ఆ మాట బయటపెట్టలేక తన డబ్బాను బలిచ్చాడు. తనకు అన్నిటికంటే ఇష్టమైనదాన్నే ఇచ్చాడు. ఊరందరి ముందూ చేతకానివాడినని ఒప్పుకున్నాడు. అది మాత్రం చిన్న శిక్షా? ఫోన్ సంగతి చెబితే మాత్రం మాస్టారు లేచొస్తారా? ఆ పిల్లకు తండ్రి పోయిన ఏడుపు చాలదా, పైన ఇది కూడానా?

పందొమ్మిదిన తడి ఉందని చెబుతాను. నిర్ణయించేసుకున్నాను. మనసు తేలికపడింది. ఆయనకు అన్నం నేనే వడ్డించాను. "ఇంకొంచెం వేసుకోండి" అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి.

మంచివాడే.

17, సోమవారం

సరంగు పలకరించడానికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాడు. మా ఇద్దరినీ తనే పోగొట్టాడని కుమిలిపోతున్నాడు.

"నీ తప్పేముందయ్యా, ప్రవాహానికి నువ్వేం చేస్తావు" అన్నాను.

"వెతకని చోటు లేదమ్మా. పడవలో రేడియో ఎప్పటిలాగే గరగరలాడి ఊరుకుంది. ఇక లాభం లేదని, పొద్దువాలకముందే సిగ్నల్ దొరికే చోటికి వచ్చి సార్‌కి ఫోన్ చేశాను. 'ఇద్దరూ కనబడట్లేదు సార్, బీకన్ మీ పేరు మీదే కదా, కేంద్రంతో మీరే మాట్లాడండి' అన్నాను. సరే, ఇప్పుడే మాట్లాడతా, మీరు వెతుకుతూ ఉండండి అన్నారు. ఇంకో రెండు పడవలు కూడా తోడొచ్చాయి. ఇదిగో హెలికాప్టరొస్తుంది, అదిగో వస్తుందని ఆకాశం వంక కళ్ళు కాయలు కాసేలా చూశామమ్మా. రాలేదు. అంత నిమ్మకు నీరెత్తినట్టు ఎలా కూర్చుంటారమ్మా వాళ్ళు?"

కాసేపు ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. అతను వెళ్ళిపోయాక కూడా తలుపు పట్టుకునే ఉన్నాను.

పొద్దువాలకముందే.

18, మంగళవారం

అత్తయ్య గుడ్డలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళినప్పుడు అడిగాను. ఆయన రేపటికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"మధ్యాహ్నం ఫోన్ సంగతి నాకు తెలుసు. అత్తయ్య చెప్పింది. దానికి నేనేమీ అనను. నేనైనా అదే చెప్పేదాన్ని" అన్నాను.

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చాడు. "నువ్వు అర్థం చేసుకుంటావని తెలిస్తే ముందే చెప్పేవాణ్ణే" అన్నాడు. ఊపిరి తిప్పుకోనిచ్చాను.

"సరంగు మీకు పొద్దువాలకముందే చెప్పాడటగా?"

ఏడుపు ఆగింది.

"అప్పుడు కేంద్రానికి ఫోన్ చేశారా?"

 ఇస్త్రీపెట్టె తీగ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు.

"చేశారా, లేదా?"

"చేస్తే, మధ్యాహ్నం ఎందుకలా చెప్పావని అడుగుతారు కదే" అన్నాడు మెల్లగా. "పడవలు వెతుకుతున్నాయి కదా, దొరికేస్తారులే అనుకున్నా. దొరికేస్తే ఇక ఆ ఫోన్ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకున్నా. కాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అనుకుంటూనే..."

"నేను నీళ్ళలో ఉన్నానని తెలుసు మీకు."

"తెలుసు."

"మీట నిజంగానే నొక్కానని తెలుసు. పిలుస్తున్నానని తెలుసు."

"తెలుసే" అన్నాడు. "భయమేసింది."

ఆయనకు భయమేసింది! వేస్తుంది మరి, మెత్తటి కుర్చీ, తల మీద ఫ్యాను. నీళ్ళలో ఉన్న మాకు వేసిన దాన్ని ఏమంటారో ఇంకో మాట వెతుక్కోవాలి.

మధ్యాహ్నం ఆయన నోరు జారింది. దాన్ని కడుపులో పెట్టుకుందామనే అనుకున్నాను. సాయంత్రం నోరు జారలేదు, నోరు మూసుకున్నాడు. తెలిసి మూసుకున్నాడు. ఆయన కాసేపు చూద్దాం అనుకున్న ఆ కాసేపట్లో మాస్టారు బతికే ఉన్నారు. నా పక్కనే ఉండి మాట్లాడుతున్నారు.

"చొక్కా కాలుతోంది" అన్నాను. నిజంగానే కాలింది. స్విచ్చి ఆపి వచ్చేశాను.

19, బుధవారం

రేవు కార్యాలయంలో ఇరుకు గది. కిటికీకి రంగు వెలిసిన తెర, బల్ల మీద తాగేసిన గ్లాసులు. మాస్టారి కూతురు గోడవారగా కూర్చుంది. మా ఆయన నా పక్క కుర్చీలో. ఇంకో చొక్కా వేసుకున్నాడు. దారిపొడుగునా నా చెయ్యి పట్టుకోబోయాడు, నేను సంచి పట్టుకున్నాను.

అధికారి నన్నే ముందు అడిగాడు. "మూత తీసినప్పుడు లోపల తడి ఉందామ్మా?"

"లేదండీ. పొడిగా ఉంది."

"ఖాయమేనా?"

"ఖాయమే. డబ్బాలో ఏ లోపమూ లేదు. అంత మంచి డబ్బా ఇంకోటి ఎక్కడా దొరకదు."

పక్క కుర్చీ కిర్రుమంది. అధికారి కలం పక్కన పెట్టి కళ్ళజోడు తీశాడు. పాపం, మళ్ళీ మొదటినుంచీ తవ్వాలి కదా.

"మాస్టారు ఎంతసేపటి వరకూ స్పృహలో ఉన్నారు?"

"చీకటి పడ్డాక కూడా చాలాసేపు."

"మాట్లాడుతున్నారా?"

"ఆపకుండా. నన్ను నిద్రపోనివ్వకూడదని."

గోడ దగ్గర నుంచి ఆ అమ్మాయి అడిగేసింది. అక్కడ అడగకూడదని దానికి తెలియదు. "ఏం మాట్లాడారక్కా నాన్న?"

అధికారి అడ్డు చెప్పలేదు. నేను ఆ పిల్ల వైపు తిరిగి చెప్పాను.

"మా ఆయన గురించేనమ్మా. నేను ఏడుస్తుంటే ఊరుకోబెట్టారు. 'ఏడవకు తల్లీ, మీ ఆయన సంగతి నాకు తెలుసు. నువ్వు కనబడకపోతే నిమిషం ఆగుతాడా? ఈపాటికి కేంద్రంవాళ్ళని నిలబెట్టి దులిపేస్తూ ఉంటాడు. దారిలో ఉంటారు, చూడు' అన్నారు. పెదాలు వణికి మాట సరిగ్గా రాకపోయినా అదే మాట అంటూ ఉన్నారు. చెయ్యి జారిపోయేదాకా అదే అన్నారు."

 అధికారి కళ్ళజోడు పెట్టుకుని మా ఆయన వైపు తిరిగాడు.

"ఆ సాయంత్రం మీరెక్కడున్నారండీ?"

మా ఆయన నా వంక చూశాడు. నేను లేచి వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.